నిలబడి పగిలిన టైర్లు

పాత టైర్ల కొట్టు నడిపే ఆవిడని బజారంతా టైరమ్మ అనే పిలుస్తుంది. మొగుడు పోయిన ఏడాది కొట్టు మూసేయమని నలుగురూ సలహా చెబితే, మర్నాటి నుంచి తలుపు ఒక గంట ముందే తీసిన మనిషి. టైరు మీద బొటనవేలు ఆడించి అది ఎంత దూరం తిరిగిందో, ఎంత బరువు మోసిందో చెప్పేస్తుంది. అమ్మేవాడి కబుర్లు చెవిన పెట్టదు. నోరు అబద్ధమాడుతుంది గానీ రబ్బరు ఆడదని ఆవిడ నమ్మకం.

అలాంటి మనిషి ఒక్కగానొక్క కూతురు పైలట్ అవుతానంది.

"ముందు డాక్టరు కాగితం తే. కళ్ళూ చెవులూ గుండే పాసయ్యాకే డబ్బు మాట" అంది టైరమ్మ. పిల్ల నెల తిరక్కుండా ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది.

"పాసయ్యాను. ఇప్పుడు మాట్లాడు."

ఇక మాట్లాడక తప్పలేదు. పిల్ల చేతిలో ఒక శిక్షణ సంస్థ పుస్తకం ఉంది. ఎనభై లక్షలు. సగం చేరేటప్పుడే కట్టాలి. పద్దెనిమిది నెలల్లో లైసెన్సు, ఆపైన పెద్ద విమానాల కంపెనీలో ఉద్యోగం. కొట్టు తాకట్టు పెడితేగానీ ఆ సగం రాదు.

టైర్ల దొంతి మీద కూర్చుని టీ తాగుతున్న టైరమ్మ తమ్ముడు నవ్వాడు. "అక్కా, నేల మీద దొర్లే సరుకమ్మే వాళ్ళం. మనకి రెక్కల బేరమెందుకే?"

"నీకెందుకురా కడుపుమంట? టీ తాగు, చల్లారిపోతుంది."

అతని నోరు మూయించింది గానీ, లెక్క మాత్రం ఆపలేదు. పుస్తకంలో ఉన్నది ఎనభై. పరీక్షల ఫీజులు, ఉండటానికి గది, ఒకసారి తప్పితే మళ్ళీ ఎగరాల్సిన గంటలు వేరు. లైసెన్సు వచ్చాక పెద్ద విమానం నడపడానికి ఇంకో శిక్షణ, దానికింకో ఇరవై. అంతా కలిపితే కోటీ పదికి తక్కువ తేలదు. ఉద్యోగం మాట చెప్పే కాగితంలో "కంపెనీ అవసరాన్ని బట్టి" అని చివర ఒక ముక్క తగిలించారు. ఆ ముక్కని పిల్ల మూడుసార్లు చదివి మూడుసార్లూ దాటేసింది. టైరమ్మ ఒక్కసారే చదివింది, అక్కడే ఆగిపోయింది.

అయినా, సరుకు చూడకుండా వద్దనడం కూడా వ్యాపారం కాదు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఆ సంస్థకి వెళ్ళారు.

చల్లటి గదిలో టై కట్టుకున్న అడ్మిషన్ల కౌన్సిలర్ కుర్చీలు లాగి మరీ కూర్చోబెట్టాడు. "ఈ బ్యాచ్‌లో మూడే సీట్లు మిగిలాయి మేడమ్. ఇవాళే కట్టేస్తే మంచిది."

"పిల్లలెంతమంది బాబూ?"

"అరవై మంది."

"విమానాలో?"

"ఎనిమిది."

"చూపించు."

"చేరాక టూర్ ఉంటుంది మేడమ్."

"కొనకముందు చూపించని సరుకు, కొన్నాక చూసి ఏడవడానికా?" అంటూ ఆవిడ అప్పటికే లేచి నిలబడింది.

షెడ్డులో ఎనిమిదీ తళతళలాడుతున్నాయి. పిల్ల కళ్ళు రెక్కల మీదున్నాయి. టైరమ్మ మాత్రం నేల మీద గొంతుకూర్చుని మొదటి విమానం చక్రానికి బొటనవేలు ఆనించింది.

"అమ్మా, లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నేనూ చూడ్డానికే వచ్చా."

ఎనిమిదింటి చుట్టూ తిరిగింది. ఆరింటి టైర్లకి గాడుల్లో దుమ్ము గట్టిపడి ఉంది. పక్కలకి సన్నటి పగుళ్ళు, నేలకానిన చోట చదును. రెండింటికే అరుగుదల ఉంది, అదీ చక్రం చుట్టూ సమంగా.

"ఈ ఆరూ ఎగిరి ఎన్నాళ్ళయింది?"

"మొన్నటిదాకా వానలు కదా మేడమ్..."

"వారం వానకి టైరు పగలదయ్యా. నెలల తరబడి నిలబెడితే పగులుతుంది. తిరిగి అరిగింది వేరు, నిలబడి పాడైంది వేరు. ముప్ఫై ఏళ్ళుగా ఈ తేడా మీదే అన్నం తింటున్నా."

అక్కడే వేళ్ళ మీద లెక్క వేసింది. మనిషికి రెండొందల గంటల చొప్పున అరవై మందికి పన్నెండు వేల గంటలు. రెండు విమానాలు రోజుకి చెరో ఐదు గంటలు ఎగిరినా పన్నెండొందల రోజులు. ఒక్క రోజు వాన పడకపోయినా మూడేళ్ళు దాటుతుంది. పద్దెనిమిది నెలల మాట నీటి మీద రాతే.

"నేనొక బేరం చెబుతా. మా పిల్ల ఎగిరిన గంటకి ఆ సాయంత్రమే డబ్బిస్తా. ఇష్టమేనా?"

"అలా కుదరదు మేడమ్. సగం ముందే కట్టాలి."

"అంటే ముందు మా డబ్బు ఎగరాలి, వీలైతే తర్వాత పిల్ల ఎగురుతుంది. పదవే!"

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు మొహం తిప్పుకుంది. "నీకు నామీద నమ్మకం లేదు. అంతే."

"నీమీద ఉంది. వాళ్ళ టైర్ల మీదే లేదు."

 మూడో రోజున తమ్ముడు సందు దొరికిందని వచ్చాడు. "మొదట ఎగిరిపడ్డావు, తీరా డబ్బు దగ్గర భయపడ్డావు కదూ అక్కా?"

"భయపడేదాన్నయితే నువ్వు చెప్పినప్పుడే కొట్టు మూసేద్దును."

ఆ వారమంతా పిల్ల పొద్దున్నే బయటికి పోయి సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చింది. వారం చివర ఫోను తల్లి ముందు పెట్టింది. అందులో విమానాలు లేవు. అన్నీ టైర్ల ఫొటోలే. విమానం నేర్పే నాలుగు చోట్లకి పోయి, ప్రతి చక్రాన్నీ దగ్గరగా తీసుకొచ్చింది.

"మొదటి రెండు చోట్లా పగుళ్ళే, లిస్టులోంచి నేనే కొట్టేశా. మూడోది ఫర్వాలేదు గానీ డబ్బు ముందే అడుగుతున్నారు. నాలుగోది చూడు. పాత ఫ్లయింగ్ క్లబ్బు, మూడే విమానాలు, మూడూ అరిగాయి. నేర్చుకునేవాళ్ళు తొమ్మిది మంది. గంట లెక్కన డబ్బు. ఉద్యోగం మాట మాత్రం ఎత్తరు. పొద్దున ఎగురుతా, మధ్యాహ్నం నుంచి కొట్టులో కూర్చుంటా. నాలుగేళ్ళు పడుతుంది."

టైరమ్మ ఫొటోలు పెద్దవి చేసి ఒక్కొక్కటే చూసింది. "వెలుతురు పక్కనుంచి పడి పగుళ్ళు తేలేలా తీశావు. ఎవరు చెప్పారే?" అంది.

"నీ దగ్గర చూడలేదా ఏంటి?"

సంగతి తెలిసి తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "ఉద్యోగం హామీ లేని చోట కడతావా!"

"అక్కడా లేదురా. లేని హామీకి వాళ్ళడిగింది ఎనభై లక్షలు. ఇక్కడ దానికి పైసా అడగలేదు. రేపు ఆగిపోయినా పోయేది ఎగిరిన గంటల డబ్బే. కొట్టు నాదే, లైసెన్సు దారి దానిదే."

క్లబ్బులో వాళ్ళు వెళ్ళేసరికి ఒక విమానం అప్పుడే దిగింది. టైరమ్మ వంగి చెయ్యి పెట్టింది. రబ్బరు వెచ్చగా ఉంది. కానీ గాడులు దాదాపు చెరిగిపోయాయి.

"ఇది మార్చేదాకా నా పిల్ల దీన్నెక్కదు" అంది, నేర్పే పెద్దాయన మొహంలోకి సూటిగా చూస్తూ.

ఆయన నొచ్చుకోలేదు. "రేపు కొత్తది వస్తుందమ్మా. మేమూ దీన్ని ఇవాళ్టితో ఆపేస్తున్నాం. పక్కదాని మీద మొదలుపెడదాం."

పక్కదాని దగ్గరికి పిల్లే ముందు నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుని మూడు చక్రాలకీ బొటనవేలు ఆడించింది. "ఇది బాగుందమ్మా" అంది.

టైరమ్మ ఈసారి వంగలేదు. సంచిలోంచి మొదటి గంట డబ్బు తీసి పెద్దాయనకి ఇచ్చింది.

అంతలో తమ్ముడి ఫోను. "కట్టేశావా? పిల్ల మధ్యలో దిగిపోతే ఏం చేస్తావే?"

"దిగడం నేర్పడానికేగా వీళ్ళకి డబ్బిచ్చింది! పెట్టెయ్, ఇంజను చప్పుడుకి నీ మాట వినబడటంలేదు."