వంగలేని నడుము

పొట్ట బిగించడమంటే ఊపిరి బిగబట్టడం కాదట, ఆ మాట కసరత్తులు చేయించే ఈ పిల్ల ఇక్రామ్ ఇప్పటికి మూడుసార్లు చెప్పింది, ఊపిరి వదులుతూ బొడ్డును వెన్నువైపు లాక్కో పిన్నీ, పీల్చకు, వదులు, అని, వదలడమే తామోకు చేతకావడం లేదు, ఇరవై రెండేళ్లు షావుకార్ల మూటలు మోస్తూ సరిహద్దు గేటు ముందు ఊపిరి బిగబట్టి బతికిన మనిషి ఒక్క పూటలో ఎలా వదులుతుంది, చాప కింద ఆసుపత్రి గచ్చు చల్లగా ఉంది, ఎడమ పిరుదులో మొదలైన మంట తొడ వెనకగా పిక్కలోకి దిగి చిటికెన వేలిదాకా కాల్చిన తీగ లాగినట్టు పాకుతోంది, ఇప్పుడు నడుము పైకెత్తు, పది లెక్కపెట్టు, ఒకటి, రెండు, వీపు మీద ఏమీ లేకుండా నడుము లేవడం ఎంత వింతగా ఉంది, మూడు, దుప్పట్లు లేవు, పాతబట్టలు లేవు, టైర్లు లేవు, నీ పొట్ట కండరాలు మరీ బలహీనం పిన్నీ, అందుకే నరం నలుగుతోంది, అంది ఇక్రామ్, పక్క చాప మీద రహీమో కిసుక్కున నవ్వి, ఎనభై కిలోలు మోసిన గాడిదకు బలం లేదటే తామో, విన్నావా, అంది, రహీమోదీ అదే గేటు, అదే నడుము, నవ్వితే నొప్పి పుడుతుందని తెలిసీ నవ్వుతుంది.

కారణం అన్నచోట ఏం రాయమంటావు పిన్నీ, అని ఇక్రామ్ కార్డు తిప్పి చూసింది, మిద్దె మీద బట్టలారేస్తూ జారిపడ్డానని రాసుకో, అంది తామో, ఎప్పుడూ అదే చెప్పింది, కొడుకులకూ అదే చెప్పింది, ఆడదాని వీపును బండి చేశారని చెప్పుకోవడం కంటే మిద్దె మీద జారడం మర్యాదగా ఉంటుంది, బండిలో వస్తే సరుకు, సుంకం కట్టాలి, ఆడదాని వీపు మీద వస్తే సొంత సామాను, సుంకం లేదు, చట్టంలో ఆ ఒక్క వాక్యం రాసినవాడెవడో గాని వాడి నడుముకు ఏ నొప్పీ వచ్చి ఉండదు, అవతల వరండాలో వకీలమ్మ కాగితాలు పరుచుకుని కూర్చుంది, ఆమె పక్కన అవీషా కూతురు వియామ్, తమతోపాటు మూటలు మోస్తూ ఏడేళ్ల కిందట గేటు దగ్గర పోయిన అవీషా చావు కాగితంలో గుండె బలహీనత అని రాశారు, ఇక్కడా బలహీనతే, ఆ మాట కొట్టివేయించాలంటే కళ్లారా చూసిన మనిషి ఒక్కతె సంతకం పెట్టాలి, అమ్మ వెనకాల నువ్వే ఉన్నావట కదా పిన్నీ, అని నిన్న ఇంటికొచ్చి అడిగింది వియామ్, ఆ తొక్కిడిలో ఎవరికేం కనబడుతుందమ్మా, టీ తాగు, చల్లారిపోతోంది, అంది తామో, ఆ పిల్ల తాగలేదు, గ్లాసులో పుదీనా రెబ్బ నల్లబడేదాకా చూస్తూ కూర్చుంది.

ఇక చేతులూ మోకాళ్లూ ఆనించు, అంది ఇక్రామ్, తామో ఆనించింది, వీపు సమంగా ఉంచు, నేలవైపు చూడు, చూస్తే నేల మీద గచ్చు లేదు, ఇనుప కంచెల మధ్య బురద సందు, ముందర అవీషా సరిగ్గా ఇలాగే, రెండు అరచేతులూ రెండు మోకాళ్లూ బురదలో, వీపు మీద ఒంటెంత మూట, షావుకారు మనిషి బూషతా పొద్దున తాడును ఛాతీ మీదుగా తిప్పి ముడిని మూట నెత్తినే వేసేవాడు, మోసేదాని చేతికి అందితే దారిలో విప్పి దుప్పటి కాజేస్తుందని అనుమానం, మీ చేతులు తోసుకోవడానికి ఉంచుకోండక్కా, అని ఇకిలించేవాడు, కనుక పడ్డ మనిషి తనంతట తాను మూట వదిలించుకోలేదు, ఇంకొకరు విప్పాలి, గేటు మూస్తున్నారు, నడవండి, నడవండి, అని వెనకనుంచి అరుపులు, కుడిచెయ్యి ముందుకు చాపు పిన్నీ, అంది ఇక్రామ్, చాపింది, తన కళ్లముందు తన చెయ్యే అవీషా చెయ్యయింది, తామో, అని ఒక్కసారే పిలిచింది, లేపమని పిలిచిందనుకుంది తామో, ఏడేళ్లుగా అలాగే అనుకుంది, వీపున ఎనభై కిలోలు కట్టుకున్నది వంగితే తిరిగి లేవదు, వంగలేను, నా నడుము వంగదు, అని ఆ నిమిషం అనుకుని, పక్కనుంచి దాటి, దాటుతూ అవీషా వేళ్ల మీద కాలు పడిందని మడమకు తెలిసి కూడా ముందుకు పోయింది, తర్వాత ఎందరి కాళ్లు పడ్డాయో లెక్కలేదు.

కదలకు, ఇవి పడనివ్వకు, అని ఇక్రామ్ ఆమె వీపు మీద రెండు గట్టి దిండ్లు దొంతిగా పెట్టింది, నడుం ఊగుతోందో లేదో చూడాలట, పది లెక్కపెట్టాక పై దిండు తీసేసింది, నిలువుగా నిలబడే తీసింది, ఊరికే చెయ్యి చాపి, కాస్తయినా వంగలేదు, తామో తల తిప్పి ఆ చేతిని చూసింది, పిల్ల మోచెయ్యిని చూసింది, దిండు మీద దిండు, వీపు మీద మూట, మూట మీద ముడి, ఆ ముడి నేల మీద లేదు, బురదలో లేదు, నడుమంత ఎత్తున, అరచేతి దూరంలో, ఒక్క లాగు, ఏమైంది పిన్నీ, నొప్పా, ఆపేద్దామా, అంది ఇక్రామ్, ఆ కార్డు మీద మిద్దె కొట్టెయ్, వరండాలో ఉన్న పిల్లను పిలువు, అంది తామో, చేతులూ మోకాళ్లూ ఇంకా నేల మీదే ఉన్నాయి, బూషతా పేరు చెప్పాలి, ఆ చట్టం సంగతి చెప్పాలి, గుండె బలహీనత అబద్ధమని చెప్పాలి, అవన్నీ నిజాలే, అయితే వాటన్నిటికంటే ముందు ఆ బిడ్డ ముఖంలోకి చూసి చెప్పవలసింది ఒకటుంది, మీ అమ్మ లేపమని అడగలేదు, ముడి విప్పమంది, దానికి నేను వంగనక్కర్లేదు.