నడిమింట్లో సిగ్నల్

పొద్దున్నించి చైత్ర కాలు ఒకచోట నిలవలేదు. మధ్యాహ్నం మేఘ మేడం తుమకూరు నుంచి ఫోన్లో వీడియోలోకి వస్తుంది. పక్షవాతంతో నోరు పడిపోయిన నాయనకు మళ్లీ మాట నేర్పే మనిషి ఆమె. పోయిన వారం పాఠం మొదలైన కాసేపటికే మేడం ముఖం తెరమీద బిగుసుకుపోయింది. నాయన నోరు తెరుచుకుని, కదలని ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది తలుచుకుంటే చైత్రకు అన్నం దిగడం లేదు.

తిరుమణిలో వాళ్లది పొడుగాటి పాత రాతి ఇల్లు. ఇంటర్నెట్ తీగ వచ్చేది వీధి గదికి, మోడెం అక్కడే. నాయన రామాంజినప్ప ఉండేది పెరటి గదిలో. "వీధి గదిలోకి రా నాయనా, ఆడైతే సిగ్నల్ బాగుండాది" అని ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపుతాడు. సోలార్ పార్కుకు భూములు అడగడానికి వచ్చినప్పుడు ఊరి తరఫున నిలబడి మాట్లాడిన మనిషి. వంకరపోయిన మూతితో వీధిలోవాళ్ల కంటపడడం ఆయనకు చావుతో సమానం.

ఆ రెండు గదుల నడుమ ఉన్నది చిన్నాయన మారన్న భాగం. అన్నదమ్ములకు మాటలు లేక ఏళ్లయింది. తమ్ముణ్ణి ఒక్కమాట అడక్కుండానే అన్న ఉమ్మడి పొలాన్ని సోలార్‌కు ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు. మేపడానికి చోటు లేక మారన్న గొర్రెల మందను అమ్ముకున్నాడు. ఆ ఏడే ఇంటి లోపలి తలుపులకు అడ్డంగా గోడలు లేచాయి. పెరటి గదికి పోవాలంటే ఇప్పుడు పక్క సందులోంచి చుట్టి పోవాల్సిందే.

చైత్ర సోలార్ ప్లాంటు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఆ రోజుకు సెలవు పెట్టి, కొరియర్‌లో వచ్చిన, ఇల్లంతా సిగ్నల్ అందించే మెష్ వైఫై అట్టపెట్టె విప్పింది. లోపల రెండు తెల్లటి డబ్బాలు. ఒకదాన్ని తీగతో మోడెంకు కలిపింది. యాప్ తెరిచి డబ్బా అడుగునున్న గుర్తును స్కాన్ చేసింది. మోడెం ఆపి మళ్లీ వేసి, లైట్లు కుదురుకునేదాకా ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగింది. ఫోన్ పాత వైఫైనే పట్టుకుని వేలాడుతుంటే, మోడెం వైఫైని ఆపేసింది. డబ్బా మీద నీలం లైటు వెలిగింది. రెండోదాన్ని పక్కనే పెట్టి జత చేసింది. అదీ నీలమే.

ప్రాణం లేచొచ్చి, ఆ రెండోదాన్ని చంకన పెట్టుకుని సందులోంచి పరుగెత్తింది. నాయన మంచం పక్కన ప్లగ్గులో పెట్టింది. ఎర్ర లైటు. కిటికీ దగ్గర పెట్టింది. ఎరుపే.

"ఏమాయె పాపా?" అంది తల్లి ఓబమ్మ.

"నడుమ గోడలన్నీ దాటి ఈడికి రాలేకుండాదిమ్మా. దీన్ని నడిమింట్లో పెట్టాల. ఆడుంటే ఈడికి అందిస్తాది."

ఓబమ్మ చేతిలో గంజి గిన్నె ఆగిపోయింది. "మీ చిన్నాయనింట్లోనా? సందులో వైరు లాగితే కాదా?"

"దానికీ ఆయన గోడకే మేకులు కొట్టాల."

మంచం మీద రామాంజినప్ప దుప్పటిని పిడికిట్లో బిగించి గొంతులో గరగరమన్నాడు. వద్దని. చైత్ర వినలేదు.

చిన్నమ్మ ఎల్లక్క గడప దగ్గర చెనిక్కాయలు ఒలుస్తోంది. చైత్ర సంగతి చెప్పగానే వీధి ఆ చివర దాకా చూసింది. "మీ చిన్నాయన బలసముద్రం పోయినాడు, ప్లాంటులో గడ్డి కోసేదానికి. ఆయన వచ్చేలోపల తీసేస్తావా?"

"తీసేస్తా చిన్నమ్మా."

"పెట్టుపో బిరీన."

నడిమింట్లో పెట్టగానే డబ్బా నీలం తిరిగింది. మధ్యాహ్నం మేఘ మేడం ముఖం ఈసారి అద్దంలా వచ్చింది. "పెదాలు రెండూ కలిపి, గాలి బిగబట్టి, ఒక్కసారిగా వదలండి పెద్దాయనా. ప... ప..." రామాంజినప్ప చెంపలు ఉబ్బాయి. గాలి పక్కనుంచి తుస్సుమంది. మళ్లీ. మళ్లీ. చైత్ర పెదాలు కూడా తెలియకుండానే బిగుసుకుంటున్నాయి. ఇదిగో వచ్చింది అనుకునేలోపల మేడం ముఖం బిగుసుకుపోయింది.

చైత్ర సందులో పరుగెత్తింది.

నడిమింట్లో మారన్న ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పని తొందరగా అయిపోయినట్టుంది. "ఏందిది? ఎవురు పెట్టినారు?"

"నేనే పెట్టినా చిన్నాయనా. దండం పెడతా, మళ్లీ పెట్టు. నాయనకు మాట నోటిదాకా వచ్చినాది."

"మాట వచ్చి ఏం చేస్తాడంట? ఇంగా ఒప్పుకునేదానికి ఏం మిగిలుండాది?"

చైత్రకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఆయన గొంతు నీకొద్దు, సరే. మేమన్నా వినకూడదా?"

మారన్న చేతిలోని ప్లగ్గును కాసేపు చూసి, తీసిన చోటే గుచ్చాడు. డబ్బా మీద లైటు మిణుకుమంటూనే ఉంది. కాసేపటికి అది నీలం తిరిగింది. వెనక్కి పరుగెత్తుతుంటే, సందులో తన వెనకే ఇంకొకరి అడుగుల చప్పుడు వినిపించింది.

గడపలో తమ్ముణ్ణి చూడగానే రామాంజినప్ప ముఖం కందిపోయింది. పెదాలు కలిశాయి. చెంపలు ఉబ్బాయి.

"పో!"

ఫోన్లోంచి మేఘ మేడం కేక పెట్టింది. "విన్నాను! ఎంత బాగా వచ్చింది! మళ్లీ అనండి పెద్దాయనా!"

చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడిన మారన్న, ద్వారబంధం పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. "అన్నాడు వదినె! నన్నే అన్నాడు!" నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఇంగోసారి అనన్నా. నేను పోనులే, నువ్వు అంటానే ఉండు."

"పో... పో..." అన్నాడు రామాంజినప్ప. అనేకొద్దీ గొంతులో కోపం అరిగిపోయింది. ఓబమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచి, ఆ కొంగుతోనే తన కళ్లూ తుడుచుకుంది.

పాఠం ముగిశాక, చిన్నమ్మకిచ్చిన మాట ప్రకారం డబ్బా తీయడానికి చైత్ర నడిమింటికి వెళ్లింది. మారన్న అడ్డొచ్చాడు. "ఉండనీ. రేపు కూడా పాఠం చెప్తానన్నాది కదా ఆ మేడం?"

మరునాడు మధ్యాహ్నం మేడం రాకముందే మారన్న వచ్చి గడపలో కూర్చున్నాడు. పొమ్మని అన్న అన్నాడు. తమ్ముడు పోలేదు. చైత్ర మాత్రం తెర మళ్లీ ఎక్కడ బిగుసుకుపోతుందోనని పాఠం అయ్యేదాకా ఫోన్ మీంచి కళ్లు తిప్పలేదు.