జానెడు పోగు

మూడోసారి కూడా ఆవిరి అక్కడినుంచే చిమ్మింది.

హన్మండ్లు దీపం ఒత్తి తగ్గించి, పీట వెనక్కి జరుపుకొని, ఇంజను చల్లారేదాకా మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. అరవై ఆరేళ్ల చేతులవి. ఎడమ బొటనవేలికి గోరు లేదు. పొయ్యి నోట్లో కట్టెలు తోసి తోసి ముంజేతుల మీద వెంట్రుకలన్నవి మొలవడం మానేశాయి. ఆ చర్మం అరిగిన చెప్పు అడుగులా నున్నగా, నల్లగా తేలింది.

కోరుట్లలో ఇంటి వెనక రేకుల పంచ కింద ఆరేళ్లుగా చేస్తున్నాడు ఆ ఇంజనును. మూరెడు పొడవు టేకు చెక్క మీద నిలబెట్టాడు. బాయిలరు ఒకప్పుడు భార్య రుక్కమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు. సిలిండరు కాలిపోయిన మోటరులోంచి ఊడదీసిన బుష్షు. కుట్టు మిషను చక్రాన్ని లేతు మీద చెక్కి దీని చక్రం చేశాడు. కాగితం మీద ఒక్క గీత గీసుకోలేదు. మూడో తరగతితో బడి మానినవాడికి గీతలేం వస్తాయి? ఒకప్పుడు వాగొడ్డున తాను నడిపిన పెద్ద ఇంజనును తన ఒంటితోనే కొలిచి పెట్టుకున్నాడు. చక్రం తన తలదాకా, సిలిండరు మూత తన రొమ్ముదాకా, కడ్డీ తన పిక్కంత లావు. నిలువెత్తును జానెడు చేసి, మిగిలినవన్నీ ఆ లెక్కన కుదించాడు.

ఆవిరి తోస్తే కడ్డీ కదలాలి. కడ్డీ కదిలితే చక్రం తిరగాలి. కొసన ఉన్న పంపు కింది గిన్నెలోంచి నీళ్లు పీల్చి పై గిన్నెలో పొయ్యాలి. ఏనుగంత ఇంజను చేసిన పనీ అంతే.

కానీ సిలిండరులోంచి కడ్డీ బయటికి వచ్చే చోట చిన్న గూడు ఉంటుంది. ఆవిరి కారిపోకుండా అందులో దారం చుట్టి, కొవ్వు రాసి, గట్టిగా కూరాలి. ఆ దారమే నిలవడం లేదు. వంచిన సూదితో దాన్ని బయటికి లాగి చూశాడు. గట్టిపడి, ముడుచుకొని, చీమ తలకాయల్లా గుండ్లు కట్టింది. కొత్త పోగు ఒకటి తెంపి దీపం మీద పెట్టాడు. నూలైతే బూడిద కావాలి. ఇది నల్లగా కరిగి వేలి మీద చుక్కైంది.

"గీ దారం ఏడికెల్లి తెచ్చినవ్?"

చేటలో బీడీలు చుట్టుకుంటున్న రుక్కమ్మ తల ఎత్తలేదు. "ఇంకేడికెల్లి? సిరిసిల్లకెల్లి. మొన్న బావను సూడబోతే పక్కింటోళ్లు కండె ఇచ్చిన్రు. నూలు గావాలె నూలు గావాలె అని నువ్వే గద పానం తీస్తివి."

"గిది నూలు గాదు. పాలిస్టరు."

రుక్కమ్మ చేతులు ఆగాయి. తర్వాత నవ్వు ఆగలేదు. "సాలోళ్ల ఇంట్ల పుట్టి, నూలేదో పాలిస్టరేదో కాల్సి సూస్తె గని తెల్వలేదా నీకు! మా బావ ఇంటే ఏమంటడో."

ఆమె బావ, అంటే హన్మండ్లు అన్న దశరథం, ఆ సాయంత్రం అయిదింటి బస్సుకు భీవండి వెళ్లిపోతున్నాడు. కొడుకు నర్సయ్య ఎర్రజెండా సంఘంలో తిరిగాడని పోలీసులు రెండుసార్లు ఇంటికి వచ్చారు. నాలుగేళ్ల కింద మరమగ్గాల పనికి భీవండి పోయిన నర్సయ్య మళ్లీ ఈ మొహాన రాలేదు. అతను రాలేడు కనుక తండ్రి పోతున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, దమ్ము రోగి. పోయినవాడు తిరిగొస్తాడని ఎవరూ అనుకోవడం లేదు.

ఆ అన్న ఒక్కసారైనా ఇంజను నీళ్లు తోడడం చూడలేదు. ఈ పూట చూడకపోతే ఇక చూడడు.

హన్మండ్లు లేచాడు. రుక్కమ్మ పాత చీర ముక్కలో ఇంజనును చుట్టి సంచిలో పెట్టాడు. కొవ్వు డబ్బీ, దీపం, సూది, రెండు గిన్నెలు.

"గది నడవనే నడవది, ఎత్కపోయి ఏం సూపెడ్తవయ్యా?" అంది రుక్కమ్మ.

"అన్న తాన నూలుంటది," అన్నాడు. ఆ రోజుకు అతను ఇంట్లో ఆడిన ఆఖరి మాట అదే.

బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

వాళ్లు పుట్టి పెరిగిన ఊరు వాగుకు కోసెడు దూరంలో, రాయికల్ దిక్కు. ఇంట్లో ఒక మగ్గం, దగ్గే తండ్రి, అవ్వ అని పిలుచుకునే తల్లి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నేస్తే చిన్నవాడు కండెలు చుట్టాలి, పోగులు అతకాలి. పదహారో ఏట హన్మండ్లు ఒక పొద్దున వాగు మీదినుంచి వచ్చిన ఇంజను కూత విని, చేతిలో కండె మగ్గం గుంట గట్టున పెట్టి వెళ్లిపోయాడు. ప్రభాకర్ రావు దొర ఇంజనుకు కట్టెలు తోసే పనిలో చేరాడు. "మగ్గం గుంటల కూసునుడు సిగ్గయిందారా నీకు? ఆ బొగ్గులనే సావు," అన్నాడు దశరథం. మూడేళ్లు మాట్లాడలేదు. మాట్లాడినప్పటినుంచి 'బొగ్గోడా' అనే పిలిచాడు. వాగు దిక్కు మాత్రం ఒక్కనాడూ అడుగు పెట్టలేదు.

ఇరవై మూడేళ్లు నడిపాడు హన్మండ్లు. తెల్లవారి మంచులో ఆవిరి లేవడం, బుస్సుమని కడ్డీ కదలడం, పెద్ద గొట్టం మొదట రెండు సార్లు దగ్గి తర్వాత దబ్బున నీళ్లు కక్కడం. ఆ నీళ్లు దొర చెరుకుకే పారాయి, అది అతనికి తెలియక కాదు. ఎవరి నీళ్లు తోడుతున్నదో ఇంజనుకు తెలియదు గదా అనుకునేవాడు. కరెంటు మోటర్లు వచ్చాక అది మూలపడింది. అతను కోరుట్ల వచ్చి మోటర్ల పని నేర్చుకున్నాడు. భూముల్లో ఎర్రజెండాలు పాతిన ఏడు దొర గడికి తాళమేసి పట్నం పోయాడు, ఇంజనును పాత ఇనుము కింద కోసి తీసుకుపోయారు. ఆ దినం వాగొడ్డుకు పోయి, నిలబడి చూసి, కీళ్లకు చుక్కచుక్క నూనె వదిలిన చిన్న ఇత్తడి గిన్నె ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు సంచిలో ఉన్న పై గిన్నె అదే.

చందుర్తి దాటాక రోడ్డుకు అడ్డంగా దుంగ. అందరినీ దింపారు. పోలీసు ఒకతను సంచి విప్పి, రెండడుగులు వెనక్కి వేసి, సార్‌ను పిలిచాడు.

"ఏంటిది పెద్దాయనా? బాంబు కాదు గదా?" సార్ మాట కోస్తా మాట.

"నీళ్ల ఇంజన్, సార్."

"దీంతో నీళ్లా? ఎవరికి తీసుకెళ్తున్నావ్?"

'మా అన్నకు' అనే మాట పళ్లదాకా వచ్చింది. ఆ రోజుల్లో అన్న అంటే అడవిలో తుపాకీ పట్టినవాడే, పోలీసుల ముందు ఆ మాట అనేవాళ్లు లేరు. "మా పెద్దోనికి సార్. సిరిసిల్లల సాలె పని," అన్నాడు.

గొట్టాల్లోకి ఊది చూశారు. బాయిలరును ఊపి చూశారు. గంట గడిచింది. బస్సులోంచి ఒకామె, "ముసలాయన బొమ్మలాటకు మా పనులన్ని ఆగమాయె," అని అందరికీ వినబడేలా అంది. చివరికి కండక్టరే దిగి వచ్చాడు. "సార్, గీయన మోటర్ల హన్మండ్లు. కోరుట్లల గీయన ముట్టని మోటర్ లేదు. నోట్లె మాట లేదు గని మంచోడు."

సిరిసిల్ల చేరేసరికి మూడు దాటింది.

వీధి మొదట్లోనే పవర్‌లూమ్‌ల మోత చెవుల్లో పడింది. ప్రతి గోడ వెనకా అదే టకటక. దశరథం ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. గడపలో తాడు కట్టిన రేకు పెట్టె. లోపల గుంటలో మగ్గం. ఆఖరి గుడ్డ కోసి తీసేశాడు. పడుగు దూరే అచ్చు పళ్లలో ఇరుక్కొని ఉన్న పోగుల కొసలు మాత్రం తెల్లగా వేలాడుతున్నాయి. సాలెవాడు గుడ్డ కోసినా ఆ కొసలు తీయడు. రాబోయే పడుగును వాటికే అతకాలి. అవి ఉన్నంతకాలం మగ్గం ఉన్నట్టు.

"అచ్చినవా బొగ్గోడా," అన్నాడు దశరథం. ఎండిన మొక్కజొన్న కంకిలా ఉన్నాడు. గొంతు మాత్రం తగ్గలేదు. "అస్తవో రావో అనుకున్న."

హన్మండ్లు ఇంజనును గుంట గట్టు మీద పెట్టాడు.

దశరథం వంగి, కళ్లు చికిలించి చూశాడు. "గిదేనా? గింత దానికా నన్ను ఇడిసిపెట్టి పోయినవ్?"

"వాగొడ్డుది పెద్దగ ఉండె."

"నడుస్తదా?"

"నూలు గావాలె. పాలిస్టరు పెట్టిన, కరిగింది."

దశరథం నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, "ఈ గల్లీల నూలు ఏడున్నదిరా ఇప్పుడు?" అన్నాడు. ఇల్లంతా ఒకసారి చూశాడు. కండెల బుట్ట ఖాళీ. తర్వాత అతని చూపు అచ్చు మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"వద్దన్నా," అన్నాడు హన్మండ్లు.

"ఏం వద్దు? రేపు కట్టెలకు పోయే మగ్గానికి పోగులెందుకు?" కత్తి తీసుకొని గుంటలోకి దిగాడు. ఎడమ చేత్తో పోగులను జడలా పట్టి, కుడి చేత్తో అచ్చు మొదట్లో కోశాడు. చప్పుడేం కాలేదు. అచ్చు పళ్లు ఖాళీగా, దువ్వెనలా కనిపించాయి.

హన్మండ్లు పోగులను పేని, కొవ్వు రాసి, కడ్డీ చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "పెద్ద ఇంజనుకు గూడ గీ నూలే. పదిహేను దినాలకోసారి అవ్వ తెచ్చిచ్చేది. నీకు తెల్వకుండ."

"నాకు తెల్వకుండనా?" దశరథం గుంటలోనే కూర్చొని ఉన్నాడు. "అతుకుడుకు నాలుగు వేళ్లంత పోగు ఇడిస్తె సాలురా. నేను జానెడు ఎక్కువ ఇడిసేటోన్ని. షావుకారి తిట్టేటోడు, 'దశరథం, నీ గుడ్డ ఎప్పుడు జూసినా జానెడు తక్కువేందిరా' అని. అవ్వ కొంగుల కట్టుకుంటుంటె నేను గోడ దిక్కు తిరిగేటోన్ని."

హన్మండ్లు చేతులు ఆగిపోయాయి.

"సుట్టు, సుట్టు," అన్నాడు దశరథం. "బస్సు టైమైతది."

గూడు నిండాక దారం కొస ఇంకా జానెడు మిగిలింది. కోయడానికి కత్తి అందుకోబోతే, "ఉండనీ," అన్నాడు అన్న. ఉంచాడు.

నీళ్లు పోసి దీపం వెలిగించాడు. ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. పక్కింటి మోతలో బాయిలరు కూనిరాగం వినబడలేదు. చెయ్యి దగ్గర పెట్టి వేడి చూసుకున్నాడు. చక్రాన్ని వేలితో ఒక్కసారి నెట్టాడు. అది సగం తిరిగి ఆగింది. మళ్లీ నెట్టాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారిగా నోరు మూశాయి. ఆ నిశ్శబ్దంలో బుస్, ఠక్, బుస్, ఠక్ అని చిన్న ఇంజను ఒక్కటే నడుస్తున్నది. గూడు దగ్గర ఆవిరి చుక్క కూడా లేదు. గొట్టం రెండుసార్లు దగ్గింది. తర్వాత ఇత్తడి గిన్నెలో సన్నటి ధార పడింది.

దశరథం ధార మీదికి వంగాడు. గిన్నె సగమయ్యాక వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె వాసనస్తున్నది."

"వాగొడ్డుదే గా గిన్నె."

"కూత ఏది? కూత గూడ ఉండె గద. పొద్దుగాల ఒకటి, దీపాలు వెట్టె యాల్లకు ఒకటి. నేను గుంటల కూసోని లెక్కవెట్టేది. రెండోది ఇనబడ్డంకనే అవ్వ నీకు బువ్వ పక్కకు తీసేది."

"కూత పెట్టలేదన్నా."

"పెట్టు."

అయిదింటికి బస్సు కదిలింది. కిటికీలోంచి దశరథం, "పైలంరా బొగ్గోడా," అన్నాడు. హన్మండ్లు చెయ్యి ఎత్తాడు. గోరు లేని బొటనవేలు కొవ్వుతో మెరుస్తున్నది. బస్సు మలుపు తిరిగిందాకా దించలేదు.

దసరా వెళ్లిన పదిహేను దినాలకు, దశరథం దమ్ముతో పోయాడని నర్సయ్య రాసిన కార్డు వచ్చింది. హన్మండ్లు దాన్ని పంచ కింద కూర్చొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, రెండుసార్లు చదివాడు. రుక్కమ్మ అతని మొహం చూసి చేట పక్కన పెట్టింది. ఆమెకు కార్డు ఇచ్చి, పీట మీద కూర్చొని, ఆ పొద్దంతా ఒక ఇత్తడి ముక్కను అరగదీశాడు. చిటికెన వేలంత కూత గొట్టం తయారైంది. బాయిలరు నెత్తిన బిగించాడు.

"ఒక్కసారి దీపం ముట్టియ్యరాదు, ఎట్ల కూస్తదో సూద్దాం," అంది రుక్కమ్మ కొన్నాళ్లకు.

"దారం అరుగుతది," అన్నాడు.

మళ్లీ దీపం వెలిగించలేదు. వారానికోసారి గుడ్డతో దుమ్ము తుడిచేవాడు. చక్రం తుడిచేవాడు, గిన్నె తుడిచేవాడు, ఒక్క చోట మాత్రం గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. అక్కడ సిలిండరు గూట్లోంచి, కొవ్వు పట్టి పసుపెక్కిన నూలు పోగు కొస ఒకటి, జానెడు, కోయకుండా వేలాడుతున్నది.