వెనక పేజీ తిప్పని నవనీత

ఏడో తరగతి లెక్కల పరీక్షలో నవనీత ప్రశ్నాపత్రం వెనక పేజీ తిప్పనే లేదు. ముందు పేజీ లెక్కలన్నీ సరిగ్గా చేసి, బెల్లు కొట్టేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"వెనక ఉన్నదని తెల్వదా బిడ్డా?" తల్లి మమతారాణి అడిగింది.

"తెలుసమ్మా. తిప్పుదామనే అనుకున్న. మర్శిన."

ఈ జవాబు మమతారాణికి కొత్త కాదు. ఈ ఏడు మూడు టిఫిన్ డబ్బాలు పోయాయి. స్నానానికి పంపితే బకెట్ నిండి పారుతుంటుంది, పిల్ల మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లో చీమల వెంట తిరుగుతుంటుంది. మమతారాణి తిట్టింది, కొట్టింది, బతిమాలింది. ఏదీ పనిచేయలేదు. పిల్ల ఎందుకిలా ఉందో వాళ్ల ఊరు చొప్పదండిలో అందరికీ తెలుసు. తల్లి వల్ల.

"అంతా నీ గారాబమే," అనేది అత్త శంకరవ్వ.

"ఫోన్ ఇచ్చి ఖరాబు జేసినవ్," అనేవాడు భర్త రాజేశం.

చివరికి ఆశా కార్యకర్త చెబితే పిల్లను కరీంనగర్ తీసుకుపోయింది. డాక్టరమ్మ రెండుసార్లు పరీక్షించి, బడి నుంచి కూడా కాగితం తెప్పించుకుని, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది, అని తేల్చింది.

"ఇది బద్ధకం కాదు, పొగరు కాదు. మెదడు ఎదిగే తీరులోనే తేడా. మీ పెంపకంతో వచ్చింది కాదు. ఫోన్‌తో ఇబ్బంది పెరగొచ్చుగాని, ఫోన్‌తో పుట్టదు. నెలలు నిండక పుట్టినోళ్లలో కొంచెం ఎక్కువ కనబడుతది. చాలామందికి ఇంటి మనుషుల నుంచే వస్తది. మీ ఇంట్ల చిన్నప్పుడు ఇట్ల ఎవరన్న ఉండెనా?"

లేరని చెప్పబోయి మమతారాణి ఆగిపోయింది. బస్టాండు పక్కన రాజేశం నడిపే, కాలిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ దుకాణం కళ్లముందు మెదిలింది. పనితనంలో అతనికి పేరుంది. కానీ ఒక మోటారు సగం చుట్టి ఇంకోటి విప్పుతాడు. పొలం ఎండుతోందని రైతులు వచ్చి మొత్తుకుంటూనే ఉంటారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర డాక్టరమ్మ మాటలన్నీ చెప్పింది.

రాజేశం కంచం పక్కకు నెట్టాడు. "అంటే పిచ్చి నా నుంచి వచ్చిందంటవా?"

"పిచ్చని ఎవరన్నరు?"

"సిన్నప్పుడు వీడు ఒక్క తాన కూసోకపోతుండె. బడిల సారు గుంజకు కట్టేసిండు. నేను గూడ అట్లకాడ కాల్చి సురుకు వెట్టిన," అంది శంకరవ్వ మెల్లగా.

మమతారాణి చేతిలోని గరిటె కింద పెట్టేసింది. "మరి ఎరికుండి గూడ పన్నెండేండ్ల సంది నా గారాబమే అంటివి గద అత్తమ్మా!"

రాజేశం చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రెండు రోజులు ఇంట్లో ముభావంగా తిరిగాడు. కారణం తెలిస్తే ఇంట్లో గొడవ తీరుతుందనుకుంది మమతారాణి. నింద ఆమె మీంచి దిగి అతని మీద కూర్చుంది, అంతే. ఇక పిల్లకేం చేద్దామని ఒక్కరూ అడగలేదు.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి భర్తను పట్టుబట్టి తీసుకుపోయింది. రోజూ పిల్లతో చెయ్యాల్సినవి డాక్టరమ్మ చెప్పింది. పనిని చిన్న ముక్కలు చెయ్యాలి, పావుగంట చదివించి లేపాలి, చేసినదాన్ని వెంటనే మెచ్చుకోవాలి. "ఎవరు చూసుకుంటరు?" అంది.

"ఆమె చూసుకుంటది," అన్నాడు రాజేశం.

"నేనొక్కదాన్నే చూసుకోను మేడం. పొద్దటి పూట నాది, సాయంత్రం ఆయనది. అట్లనే రాయుండ్రి."

రాజేశం ముఖం ఎర్రబడింది. కానీ కాదనలేదు.

మొదటి మూడు సాయంత్రాలు మరిచిపోయాడు. మూడుసార్లూ మమతారాణి దుకాణానికి పోయి రైతుల ముందే అరిచింది. నాలుగో రోజు తనే వచ్చి బిడ్డ పక్కన కూర్చున్నాడు. పది నిమిషాలకు అతనే లేచి అటూ ఇటూ తిరగడం మొదలుపెడితే నవనీత పకపకా నవ్వింది.

మమతారాణికి నవ్వు రాలేదు. పన్నెండేళ్ల మాటలు ఆమెలో ఇంకా సలుపుతూనే ఉన్నాయి. పొయ్యి మీది చాయ దించి, ఇద్దరికీ చెరో గ్లాసు పెట్టి, బియ్యం కడగడానికి లోపలికి పోయింది.