వదినకు ఫోన్లో చెప్పిన పాస్‌వర్డ్

దూరాన ఉన్న సర్వర్లోకి లాగిన్ అయి, తాము వెళ్ళిన దారినే మూసేసుకున్నవాళ్ళని నేను చాలామందిని తిట్టాను. ఇవాళ పొద్దున పదింటికి ఆ జాబితాలో నేనూ చేరాను.

అదొక రక్తపరీక్షల ల్యాబ్. అక్కడి లినక్స్ సర్వర్‌ని ఇంట్లో కూర్చుని చూసుకోవడం నా పని. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు, ఈత్ జీరో, ఈత్ వన్. రెండ్రోజులుగా సతాయిస్తున్నది వన్. దాన్ని ఒకసారి ఆపి లేపుదామని, కార్డుని ఆపే ఇఫ్‌డౌన్ కమాండు కొట్టాను. నా వేలికి ఏం పోయేకాలం వచ్చిందో, వన్ బదులు జీరో పడింది. నేను లోపలికి వెళ్ళింది ఆ జీరో మీదుగానే. స్క్రీను బిగుసుకుపోయింది. మళ్ళీ లాగిన్ కాబోయాను, బతికుందా అని పింగ్ కొట్టి పలకరించాను. ఉలుకూ పలుకూ లేదు.

ఇంకొక్కసారి రిపోర్టులు ఆగితే వేరే మనిషిని చూసుకుంటానని ల్యాబ్ డాక్టరుగారు పోయిన నెలే చెప్పారు. నాకున్న ఉద్యోగం అదొక్కటే. అదీ మా ఆయన అక్క, మా వదిన, మాట చెప్పి ఇప్పించింది. పదిహేనేళ్ళుగా ఆవిడ అక్కడ కౌంటర్లో ఉంటుంది. ఆవిడకే ఫోన్ చేశాను.

"వదినా, చప్పుడు చెయ్యకుండా సర్వర్ గదిలోకి వెళ్ళండి. కీబోర్డు మీద నేను చెప్పింది కొట్టండి."

వెళ్ళింది. యూజర్ దగ్గర రూట్ అని కొట్టింది.

"పాస్‌వర్డ్ అడుగుతోందమ్మాయ్. చెప్పు."

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఆవిడ సర్వర్ ప్లగ్గు పీకి తన ఫోన్ చార్జింగ్ పెట్టుకున్న రోజున, ఒళ్ళు మండి పెట్టిన పాస్‌వర్డ్ అది. చెప్పక గతిలేదు.

"వి, ఏ, డి, ఐ, ఎన్, ఏ."

"వదిన అనా? నా మీదే పెట్టుకున్నావా?" అంది మురిసిపోతూ.

"ఇంకా ఉంది వదినా. కె, ఇ, ఎమ్, ఐ. టి, ఇ, ఎల్, ఐ, వై, ఏ, డి, యు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"వదినకేమీ తెలియదు," అని ఆవిడ నిదానంగా కూడబలుక్కుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మొత్తం కొట్టేసి, "స్క్రీను మీద ఏమీ పడట్లేదే," అంది.

లినక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే చుక్క కూడా కనపడదు. ఆ సంగతి ముందే చెప్పి ఏడవాల్సింది. పడలేదనుకుని ఆవిడ మళ్ళీ కొట్టింది, అది తప్పంది. మొదటినుంచి చెప్పమంది. అంత మాట ఒకసారి అంటే చాలదన్నట్టు ఆ మిషను నాచేత మూడుసార్లు అనిపించింది.

మూడోసారికి లోపలికి వెళ్ళింది. ఆగిన కార్డుని లేపడానికి ఇఫ్‌అప్ ఈత్ జీరో కొట్టించాను. నా స్క్రీను మీద పింగ్‌కి జవాబులు వరసగా వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఫోన్లో తలుపు చప్పుడు, వెనకే డాక్టరుగారి గొంతు.

"మళ్ళీ రిపోర్టులు ఆగాయి. ఎవరి నిర్వాకం ఇది? మీ మరదలేనా?"

"కాదు సార్. ఫైలు కోసం వస్తే నా కాలు తగిలి వైరు ఊడింది. అమ్మాయే ఫోన్లో చెప్పి బాగుచేయించింది."

"ఏమీ తెలియనప్పుడు ఈ గదిలోకి ఎందుకొచ్చారమ్మా?"

"తప్పయింది సార్. నిజంగానే నాకేమీ తెలియదు."

ఆయన వెళ్ళిపోయారు. "వదినా," అన్నాను. "ఆ రోజు ఏదో కోపంలో..."

"ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు," అంది వదిన. "రేపు నేను లేనప్పుడు పరాయివాళ్ళకి చెప్పాల్సొస్తే బాగుండదు."