కింది వాటా చీటీలు

నేను పరాయి భాష నేర్చుకున్నది ఒక ముసలావిడను తిట్టడానికి. ఉద్యోగం కోసమో ఊరు చూడటానికో కాదు. కడుపుమంటతో నేర్చుకున్నాను, అందుకే అంత తొందరగా వచ్చింది.

మా ఆయనకు పరాయి దేశంలో ఒక ఊళ్ళో ఏడాది పని దొరికింది, లిఫ్టులు బిగించే పని. వాళ్ళ అక్క, అంటే మా వదిన, పన్నెండేళ్ళుగా అక్కడే ఉంటోంది. "వేరే ఇల్లెందుకురా, నా దగ్గర ఓ గది ఖాళీగానే ఉందిగా" అంది. సరేనని మూడో అంతస్తులో ఉన్న ఆవిడ ఇంట్లో పెట్టెలు దించాం.

మొదటి వారం నా బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. చెత్త నాలుగు రకాలుగా విడదీసి నాలుగు డబ్బాల్లో వెయ్యాలట. నేను అరటితొక్క కాగితాల డబ్బాలో వేస్తే వదిన గ్లౌజు తొడుక్కుని మరీ తీసింది. తలుపు దానంతటదే తాళం పడిపోతుందని తెలియక, నైటీతో, చేతిలో పాల ప్యాకెట్టుతో గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. రోడ్డు దాటాలంటే స్తంభానికున్న బొత్తాం నొక్కాలని తెలియక, వచ్చేపోయే కార్లకు దణ్ణాలు పెట్టాను. ఇవన్నీ ఒక ఎత్తు, నోరు మూసుకుని ఉండటం ఒక ఎత్తు. అక్కడ బస్సులో మాటల్లేవు, లిఫ్టులో మాటల్లేవు. మన బస్సులో అయితే దిగేలోపు పక్కావిడ కోడలి గుట్టంతా తెలిసిపోయేది.

అందుకే పొద్దున్నే ఆయనకు క్యారేజీ కడుతూ పాడుకునేదాన్ని. అన్నీ మా అమ్మమ్మ పాటలే. నాది పెద్ద గొంతు, ఒప్పుకుంటాను. పరాయి ఊళ్ళో నాకు నేను మిగిలి ఉన్నది ఆ పావుగంటే.

పదోరోజున తలుపు సందులోంచి ఒక చీటీ వచ్చి పడింది. చేతిరాత, అంతా కోడిగీతల్లా ఉంది. వదినకిచ్చాను. చదివి నిట్టూర్చింది.

"కింది వాటా ముసలావిడమ్మా. పొద్దున్నే ఆ పాటలేంటి, ఇది ఇల్లా సంతా అంటోంది."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి నోరు కుట్టేసుకున్నాను. వారం తిరక్కుండా రెండో చీటీ వచ్చింది. నా అడుగుల చప్పుడుకు తలనొప్పి వస్తోందట. ఇంట్లో పిల్లిలా నడిచాను. మూడో చీటీలో ఇంటి ఓనరుకు చెప్పి మమ్మల్ని ఖాళీ చేయిస్తానందట.

అప్పుడు మండింది నాకు ఒళ్ళు! పాట మానేస్తినే, పిల్లిలా నడిస్తినే, ఇంకా ఊపిరి కూడా ఆపాలా దీనికోసం? వదిన మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళి బాగా పొద్దుపోయాక వచ్చేది. ఆవిడ అటు వెళ్ళగానే నేను చిన్నరోలు నేల మీద పెట్టి, దంచాల్సింది ఉన్నా లేకపోయినా దంచేదాన్ని. ముసలిదాని కపాలం అదిరిపోవాలని పళ్ళు కొరుక్కుంటూ దంచేదాన్ని. తడి దుప్పట్లు సరిగ్గా ఆవిడ పూలకుండీల మీద కారేలా ఆరేసేదాన్ని. ఒకసారి ఆవిడ మెట్ల దగ్గర నిలబడి, చెయ్యెత్తి నాతో ఏదో చెప్పబోయింది. మొహం తిప్పుకుని చరచరా వచ్చేశాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను, అంత తృప్తి.

అయినా అది సరిపోలేదు. దాని భాషలోనే దాన్ని కడిగెయ్యాలి. ఉత్తరం మనసులో ఎప్పుడో రాసేసుకున్నాను. "ఏమమ్మా, మా నేల నీకు పైకప్పు అయినంత మాత్రాన మా గొంతులు కూడా నీ సొత్తా?" అని మొదలవుతుంది. దాన్ని వాళ్ళ భాషలోకి మార్చడమే తరువాయి. లైబ్రరీలో కొత్తవాళ్ళకు ఉచితంగా భాష నేర్పుతారని తెలిసి, వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్ళడం మొదలుపెట్టాను.

అక్కడ గడ్డమున్న ఒక మాస్టారు పాఠం చెప్పేవాడు. అందరూ టికెట్టు ఎలా అడగాలి, మందులు ఎలా కొనాలి అని నేర్చుకుంటుంటే నేను "సిగ్గులేదా" అనడానికి ఏమంటారని అడిగేదాన్ని. మాస్టారు భయపడ్డాడో ఏమో, ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. మూడు నెలల్లో అచ్చు అక్షరాలు గడగడా చదివేస్తున్నాను. చేతిరాత మాత్రం కొరుకుడు పడలేదు.

ఈలోగా నాలుగో చీటీ వచ్చింది. అందులో ఒక్క లైనే ఉంది. వదిన అది చదివి, మడిచి బల్ల మీద పెట్టేసింది.

"ఏమంటోంది వదినా?"

"ఏముంది, ఎప్పుడూ ఉండే గోలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు, నేను దాచి ఉంచిన నాలుగు చీటీలూ మాస్టారి ముందు పడేశాను. నా ఉత్తరంలో దేనికీ జవాబు తప్పిపోకూడదని నా పట్టుదల. ఆయన ఒక్కోటీ చదివి నా మొహంలోకి చూశాడు. తెల్లకాగితం తీసుకుని అన్నీ పెద్ద పెద్ద అచ్చు అక్షరాల్లో రాసి నా ముందుకు జరిపాడు. వేలు పెట్టి నేనే చదువుకున్నాను.

మొదటిది: "పైన పాడేది ఎవరు? మా ఆయన మంచం దిగలేరు. మీ పాట వింటూ నాలుగు చెంచాలు తింటున్నారు. మీకు ఎంతో కృతజ్ఞతలు."

రెండోది: "పాట ఆగిపోయింది. మీకు ఒంట్లో బాగాలేదా? ఏమైనా కావాలంటే తలుపు తట్టండి."

మూడోది: "అడగడం తప్పయితే క్షమించండి. ఆయన మళ్ళీ సరిగా తినడం లేదు. రోజూ ఒక్క పాట పాడగలరా?"

నాలుగోది: "మంగళవారం ఆయన పోయారు."

మంగళవారం నేనేం చేస్తున్నాను? రోలు ముందేసుకుని దంచుతున్నాను. అయ్యో, నా చేతులు విరిగిపోనూ! అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. ఇంటికి వచ్చేసరికి ఏడుపు పోయి పగ మిగిలింది. ఇన్నాళ్ళకు దానికి సరైన మనిషి దొరికింది.

మా ఆయనకు చెబితే "పోనీలే, అక్క కదా" అన్నాడు. పోనివ్వదలచుకోలేదు నేను. పొద్దున్న ఆయన పనికి వెళ్ళాక, వదిన కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చింది. చీటీలు బల్ల మీద పరిచాను.

"నాకు చదవడం వచ్చింది వదినా."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "పొద్దుపోయి వస్తాను కదమ్మా, పొద్దున నిద్ర చాలదు. పాడొద్దని నేనే అంటే ఇంటి ఆడపడుచు గయ్యాళిదంటారు. అందుకని ఆవిడ మీద పెట్టాను. ఇంత దూరం వస్తుందనుకున్నానా?"

"ఆయన తినడం లేదని రాసినప్పుడు కూడా తెలియలేదా? పోయారని రాసినప్పుడు?"

"అప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఆ మొహమే పెట్టుకుని రండి" అన్నాను. జబ్బ పట్టుకుని లేవదీశాను. వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను అంటూనే ఉంది. ఒక్క మెట్టు దగ్గర కూడా వదల్లేదు.

ముసలావిడ తలుపు తీసింది. వెనక గదిలో మంచం మీద పరుపు లేదు. ముందు నా తప్పు నేను చెప్పుకున్నాను. మధ్యాహ్నం ఆ చప్పుళ్ళు నావేనని, కావాలనే చేశానని, వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి వింది. తర్వాత, ఆ చీటీలు నాకు చదివి చెప్పింది ఈవిడేనని చెప్పి, వాటిని వదిన చేతిలో పెట్టాను.

"చదవండి. ఉన్నది ఉన్నట్టు, వాళ్ళ భాషలోనే, ఆవిడ వినేలా."

వదిన చదివింది. మొదటిది గొణిగింది. "గట్టిగా" అన్నాను. మూడోదాని మధ్యలో ఆగి నా వైపు చూసింది. నాకు జాలి రాలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఆపకండి. ఇంకోటి ఉంది."

అదీ చదివింది. ముసలావిడ వదినను పైనుంచి కిందిదాకా చూసి, మెల్లగా అడిగింది. "మీకు మా భాష ఇంత బాగా వచ్చా?"

వదిన నా చెయ్యి పట్టుకుని, నువ్వే ఏదో ఒకటి చెప్పమ్మా అన్నట్టు చూసింది. ఆవిడ తరఫున నేనొక్క ముక్క కూడా మాట్లాడలేదు.