తొమ్మిదో సమాధి

"నీలిమందు జర చూసి వెయ్యి. పోయినేడు మా అమ్మ సమాధి నీలంగొట్టింది, నలుగురు నవ్విన్రు" అనుకుంట జయపాల్ ఇస్త్రీ అంగీ తొడుక్కున్నడు.

రూతమ్మ బకెట్ల సున్నాన్ని కట్టెతోని తిప్పుకుంట ఊ అన్నది. ముప్పై ఏండ్ల సంది ఊ అనుడే అలవాటాయె. నిన్న సకల పరిశుద్ధుల పండుగ, ఇయ్యాల సచ్చిపోయినోళ్ల పండుగ. మాపటికల్ల సమాధులన్ని తెల్లగ కావాలె. గుడి ఎనక జాగల జయపాల్ వంశానివే ఎనిమిది సమాధులున్నయి. అందుల సగం మంది మొఖం ఎట్లుంటదో రూతమ్మకు తెల్వదు. అయినా రెండు రోజుల ముందు సున్నం నానబెట్టేది ఆమెనే, తుమ్మబంక కలిపేది ఆమెనే, పిచ్చిగడ్డి పీకి నడుం పట్టుకొని లేచేది ఆమెనే. మాపటికి తెల్లబట్టలేసుకొని సమాధి తలాపున నిలబడి ఫోటో దిగేది జయపాల్. ఆలుమొగలు పని పంచుకున్నరంటే గట్ల పంచుకున్నరు మరి.

గద్వాలల ఆ గుడి ఇంగ్లీషు దొరల నాటిది. తక్కిన గుళ్లల్ల డ్రమ్ములు, గిటార్లు మోగితే ఈడ గంట, ధూపం, నిలువెత్తు వత్తులు. ఏడాది పొడుగునా పరిశుద్ధుల పండుగలే. పేతురు పౌలుది ఒక దినం, మగ్దలేనే మరియది ఒక దినం, లూకాది ఒక దినం. పండుగ ఏ పరిశుద్ధునిదైనా పీఠం బట్టలుతికేది, ధూపం గిన్నె చింతపండువెట్టి తోమేది, వంద మందికి బగారన్నం వండేది రూతమ్మ, ఆమె అసొంటోళ్లు ఇంకో నలుగురు. దేవుని కోసం ప్రాణమిచ్చిన హతసాక్షులకు ఎర్రబట్ట, మిగిలినోళ్లకు తెల్లబట్ట. ఏనాడు ఏది పరవాల్నో అయ్యగారి కన్న ముందు ఆమెకే యాదికొస్తది.

ఇప్పటి అయ్యగారు నిరంజన్ వచ్చి రెండేండ్లాయె. మంచోడే, కాదనం. వచ్చినేడే గేటుకు బోర్డు పెట్టించిండు: "ఈ గుడి అందరిది. ఎవరినీ బయట నిలబెట్టం." ఆ బోర్డుకు సంఘపెద్ద జయపాలే దగ్గరుండి రంగులు వేయించిండు. ఆనాడు రూతమ్మ పీఠం బట్టలు సంకన పెట్టుకొని బోర్డు కిందనే నిలబడి ఏడ్చింది. ఎవలు చూడలే.

ఏడ్వక ఏంజేస్తది? ఆమెకు ఒక్కటే కాన్పు. మొగపిల్లగాడు పుట్టిండని జయపాల్ క్రాంతి కుమార్ అని పేరు వెట్టిండు. రూతమ్మ పత్తి చేన్ల పూలకు పుప్పొడి రుద్దే క్రాసింగు పనికి పోతే ఎంట వచ్చి, రాలిన పూలేరి సెవి మీద వెట్టుకొని "అమ్మా, నేను మంచిగున్ననా?" అని అడుగుతుండె. "మంచిగున్నవ్ బిడ్డా" అనేది ఆమె. ఆ ఒక్క మాటకు అత్త ఏసమ్మ బతికినన్ని దినాలు సూటిపోటి మాటలన్నది. "కొడుకును ఆడిపిల్ల లెక్క సాకి పాడు చేసినవ్. అంతా నీ పెంపకమే." మంచిగ చదివితే మా వంశం, ఇట్లయితే నీ పెంపకం. జయపాల్ నడుము బెల్టు ఊడి చేతికొచ్చింది. పంతొమ్మిదో ఏట ఆ బిడ్డ ఇల్లిడిసి పోయింది.

రాయచూర్ల సుల్తానాబీ అని ఒక హిజ్రా గురువు చేరదీసింది. ఆడ కృప అని పేరు వెట్టుకున్నది. "ఆ పేరే ఎందుకే?" అని రూతమ్మ ఫోన్ల అడిగితే, "నువ్వు ప్రార్థనల వందసార్లనే మాట అదే గదమ్మా. పేరు వెట్టుకుంటే వందసార్లు నన్నే పిలిచినట్లుంటది" అని నవ్వింది. జయపాల్ పత్తి విత్తనాల ఆఫీసుకు నౌకరికి పోయిన యాళ్ల చూసి వారానికోసారి ఫోన్ చేసేది. "ఏం కూరొండినవమ్మా?" అన్నదే మొదటి మాట. తల్లి గోంగూర అంటే అటు దిక్కు గుటక మింగిన సప్పుడు ఇనబడేది.

మొన్నటి ఎండకాలం పచ్చకామెర్లయినయి. పది దినాలు దవాఖానల ఉండె. పదకొండో దినం సుల్తానాబీ ఫోన్ చేసి, "రూతమ్మక్కా, మన బిడ్డ పోయింది. మెడల సిలువ ఉండె గదా, అందుకే కిరస్తానపోళ్ల సమాధుల కాడ జాగ అడిగినం. నువ్వొస్తే మట్టేస్తం" అన్నది. మన బిడ్డ అన్నది. కన్నతండ్రి నోట ఒక్కనాడన్న రాని మాట. జయపాల్ తలుపుకు అడ్డం నిలబడి, "గడప దాటినవంటే మళ్ల ఇంట్లకు రాకు. ఆడ సచ్చింది మనోళ్లు కాదు" అన్నడు. రూతమ్మ దాటలే. ఆమె బిడ్డకు ఆమె లేకుండనే మట్టేసిన్రు. జానెడు గడప, ఒక్క అడుగు ఏస్తే అయిపోవు. ఆ ఏయని అడుగు ఏడు నెల్ల సంది ఆమెను నిద్రపోనిస్తలేదు.

మనోళ్లు కాదన్నోడే ఈడ సమాధి కట్టించిండు. కొడుకేడి, కొడుకేడి అని నలుగురు అడిగిన్రు గదా! హైదరాబాదుల నౌకరి చేసుకుంట జరమొచ్చి పోయిండు, ఆడనే పెట్టినం అని చెప్పి, ఏసమ్మ పక్కన తొమ్మిదో సమాధి లేపిండు. నల్లరాయి మీద క్రాంతి కుమార్ అని చెక్కించిండు. లోపల మట్టి తప్ప ఏం లేదు.

సచ్చిపోయినోళ్ల పేర్ల జాబితా రాసేది కూడ రూతమ్మనే, దస్తూరి మంచిగుంటదని. పోయినవారం రాసుకుంట రాసుకుంట కృప అని రాసింది. అయ్యగారు అది చూసి కండ్లద్దాలు తీసిండు.

"రూతమ్మగారూ, నాకేం అభ్యంతరం లేదు. మన గుడి అందరిదీ. కాని జయపాల్‌గారు వేరే పేరు చెప్పారు. ఇంటిపెద్ద ఆయన. ఆయన్ని ఒక్కసారి ఒప్పించండి, చాలు."

"అయ్యగారూ, జూన్ల పేతురు పౌలు పండుగ చేసినం గద. బగారన్నం నేనే వండిన. సీమోను పేతురైండు, సౌలు పౌలైండు అని మీరే చెప్పిన్రు. ఆ పేర్లకు ఎవరి నాయినను ఒప్పించిన్రు?"

అయ్యగారు కండ్లద్దాలు మళ్ల పెట్టుకొని, "మీ బాధ నాకు అర్థమవుతుందమ్మా" అన్నడు. అర్థమైందట! మరునాడు చూస్తే కృప మీద గీత ఉన్నది, పైన జయపాల్ చేతిరాతల క్రాంతి కుమార్ అని ఉన్నది.

ఆ గుడిల ఒక కట్టుబాటున్నది. పేరు సదవంగనే సమాధి మీద వత్తి ముట్టియ్యాలె. తల్లి బతికుంటే తల్లే ముట్టియ్యాలె, ఇంకో చెయ్యి తగలొద్దు. అందుకే జయపాల్ పొద్దుగాలనే చెప్పిండు: "మాపటికి తెల్లచీర కట్టుకో. ఏడిస్తే ఏడువు, గని గట్టిగ ఏడ్వకు."

పదిగంటల వరకు ఎనిమిది సమాధులు తెల్లబడ్డయి. ఏసమ్మ సమాధికి ఆఖరి పూతేసి, "అత్తా, ఇయ్యాల నీలం సరిగ్గ పడ్డది, ఇగ తిట్టకు" అన్నది రూతమ్మ. తొమ్మిదోదాని ముంగట కూసున్నది. గేటు కాడ మైకు కట్టిస్తున్న జయపాల్ కేకేసిండు: "అది కొత్తది, దానికి రెండు పూతలెయ్యి!"

కుంచె ముంచింది గని చెయ్యి లేవలే. ముక్కు మొఖం ఎరుకలేనోళ్లకు ముప్పై ఏండ్లు సున్నమేసిన, నా బిడ్డకు ఎవరేసిన్రు? మొన్నటి వానలకు మట్టి కుంగిందో ఏమో, గొర్లు తొక్కినయో ఏమో, తలాపు ఏ దిక్కున్నదో కూడ నాకు తెల్వదు. గీ రాయి మీద పేరున్నోడు ఎవడు? బెల్టు దెబ్బలకు భయపడి మొగపిల్లగాని లెక్క నడిచి చూపిచ్చినోడే గదా. వానికి వత్తి ముట్టిస్తే నా బిడ్డను నేనే ఇంకోసారి ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినట్లు. రూతమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తడిచేతుల్తోనే సుల్తానాబీకి ఫోన్ చేసింది.

"ఆపా, నా బిడ్డ సమాధి ఎట్లున్నది?"

"మట్టికుప్పనే ఉన్నదక్కా. రాయి పెట్టలే."

"ఎందుకు పెట్టలే?"

"తల్లి రాకుండ పేరెట్ల చెక్కిస్తం? నువ్వొచ్చి ఏ పేరు చెప్తే ఆ పేరే చెక్కిద్దమని ఆగినం. ఏడు నెల్లాయె, నీ కొరకే చూస్తున్నం."

రూతమ్మ లేచింది. చీర కుచ్చెళ్లు దులుపుకొని, సగం మిగిలిన సున్నం బకెట్ మీద మూత గట్టిగ ఒత్తింది, కుంచె సంకన పెట్టుకున్నది. గేటు కాడ, బోర్డు కింద జయపాల్ ఎదురొచ్చిండు.

"ఏడికే? రెండో పూతేసినవా?"

"ఒక్కటి గూడ ఎయ్యలే."

"మతిగితి పోయిందా? మాపటికి వత్తి ఎవరు ముట్టిస్తరు?"

"నువ్వే ముట్టియ్యి. అండ్ల ఎవరున్నరో నీకే ఎరుక" అని గేటు దాటింది. ఎనక నుంచి ఏదో అరిసిండు. మైకు కట్టేటోళ్లు చూస్తున్నరని మళ్ల తనే గొంతు తగ్గించుకున్నడు.

రాయచూర్ బస్సు కదలనీకే సిద్ధంగున్నది. రూతమ్మ ఎక్కి, బకెట్ కాళ్ల నడుమ పెట్టుకొని రెండు చేతుల్తోని పట్టుకున్నది. కండక్టరమ్మ టికెట్ కొట్టుకుంట బకెట్ దిక్కు చూసింది. మూత పక్కకెళ్లి కారిన సున్నం రూతమ్మ పాదాల మీద అప్పుడే ఆరుతున్నది.

"సున్నం పట్టుకొని ఏడికక్కా?"

"రాయచూరుకు. పండుగ గద, బిడ్డ ఇల్లు తెల్లగ చేసొస్త."

"బిడ్డ అత్తగారిల్లా?"

"కాదు చెల్లే" అన్నది రూతమ్మ. "దాని సొంతిల్లు."